ఎప్పుడైనా ఫర్వాలేదు

గొడవ తువ్వాలు దగ్గర మొదలైంది.

ఆ ఇంట్లో స్నానాలగది ఒకటి, మనుషులు అయిదుగురు. గది తలుపుకి బాగా పైన ఒక మేకు ఉంది. ఆ మేకుకి ఎవరి తువ్వాలు వేలాడుతుంటే తర్వాతి వంతు వాళ్లది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టకపోయినా ఇంట్లో అందరూ పాటించే చట్టం అది. అందులో లొసుగు కనిపెట్టింది మాత్రం ఇల్లాలి మామగారు. స్టేషన్ మాస్టరుగా రిటైరైన మనిషి. పొద్దున్నే లేచి మేకుకి తువ్వాలు తగిలించి నడకకి వెళ్లిపోతారు. ఆయన తిరిగొచ్చేదాకా గది ఖాళీగానే ఉంటుంది, మేకు మాత్రం నిండుగా ఉంటుంది.

ఆ శనివారం మరిది ఆ తువ్వాలు తీసి కుర్చీ మీద పడేసి లోపలికి దూరాడు. రేడియోలో పొద్దుటి వార్తలు చదివే ఉద్యోగం అతనిది. నీళ్లు పోసుకుంటూ గొంతు సవరించుకోవడం, రెండు మూడు వాక్యాలు పైకి చదివి చూసుకోవడం అలవాటు.

"నా తువ్వాలు తీసిందెవరు?" మామగారు వచ్చి తలుపు ముందు నిలబడ్డారు.

"పూర్తి వివరాలు ఇంకా అందవలసి ఉంది," అంది లోపలి నుంచి గంభీరమైన గొంతు.

"ఒరేయ్, సిగ్నలు పడ్డ బండిని ఆపేసి నువ్వు దూరతావా?"

"బండి ప్లాట్‌ఫారం మీద లేదు నాన్నా. పార్కులో తిరుగుతోంది."

సగం గడ్డం గీసుకున్న భర్త ఒకవైపు నుంచి, పళ్లు తోముకుంటున్న కూతురు ఇంకోవైపు నుంచి వచ్చి చేరారు. నోట్లో నురగతో కూతురు ఏదో అంది. అది ఎవరి తరఫునో ఎవరికీ అర్థం కాలేదు. ఇల్లాలు వంటింట్లో ఎడమచేత్తో పాలు కలుపుతూ ఇదంతా వింటోంది. నెల రోజులుగా ఆవిడ కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం లేదు. అందుకని పై అరలో సామానంతా కిందికి దిగింది, గరిట ఎడమచేతికి మారింది. జడ కూడా ఎవరైనా తీరిగ్గా ఉన్నప్పుడు వేయించుకునే సంగతైపోయింది. తలుపు మీద మేకు అందే ఆశ ఎలాగూ లేదు కాబట్టి తువ్వాలు గొడవలో ఆవిడకి పక్షం లేదు.

కూతురు నోరు పుక్కిలించి వచ్చింది. గణితంలో పరిశోధన చేస్తోంది. అన్నిటికన్నా తక్కువ నష్టంతో పని జరిగే దారి వెతకడం ఆ అమ్మాయి చదువు.

"ఇది మేకుతో తేలే వ్యవహారం కాదు. నేను లెక్క కట్టి చార్టు వేస్తాను. ఎవరికి ఏ టైముకి కావాలో చెప్పండి. టైము తప్పితే ఎంత చిరాకో పదికి మార్కులు వెయ్యండి. ఎన్ని నిమిషాలు తప్పితే అన్నిసార్లు ఆ మార్కులు కూడుతుంది కంప్యూటరు. అందరి చిరాకూ కలిపి అతి తక్కువ వచ్చేలా వంతులు పంచుతుంది."

"నాకు పది," అన్నారు మామగారు.

"పది బాబాయ్‌కి తాతయ్యా. బాబాయ్ లేటయితే ఊరికి వార్తలుండవు. నువ్వు లేటయితే పార్కులో బెంచీకి తప్ప ఎవరికీ తెలీదు. నీకు తొమ్మిది."

భర్త తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. బజారంతా తిరిగి దుకాణాల్లో త్రాసులు తనిఖీ చేస్తుంటారు. "నాకు ఆరు చాలు," అన్నారు. "నేనెంత ఆలస్యంగా వెళితే షాపులవాళ్లకి అంత సంతోషం."

కూతురు తనకి ఏడు వేసుకుని వంటింట్లోకి తొంగిచూసింది. "అమ్మా, నీకు?"

"నాదేముందే, ఎప్పుడైనా ఫర్వాలేదు. ముందు మీవి కానివ్వండి."

కూతురు కాగితం మీద గుండ్రంగా సున్నా చుట్టింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అతికించి, పక్కన దారంతో ఒక పెన్సిలు వేలాడదీసింది. ఎవరికేం మార్పు కావాలన్నా అందులో దిద్దుకోవాలి. రోజూ సాయంత్రం అది చూసి కంప్యూటరులో కొట్టి, మర్నాటి చీటీ అచ్చు తీసి అంటిస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఇల్లాలు భుజానికి వ్యాయామం చెప్పే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ నొప్పో మొహం చూసే కనిపెట్టేసింది.

"భుజం మీద వేడినీళ్లు బాగా పోసుకుని, ఒళ్లు చల్లారకముందే గోడ ముందు నిలబడండి. రెండు వేళ్లు గోడ మీద నడిపిస్తూ పైకి ఎక్కించండి. ఎంతవరకు వెళ్తే అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. రేపు ఆ గీత దాటాలి."

"ఏ టైముకి చెయ్యమంటారు?"

"ఏ టైమైనా సరే. రోజూ అదే టైము కావాలి, అంతే. ఇవాళ పొద్దున, రేపు మధ్యాహ్నం అంటే కండరం మాట వినదు. వచ్చే శనివారం చూస్తాను. కదలిక లేకపోతే ఇంజెక్షనే."

ఇల్లాలికి సూది అంటే ఎంత భయమో ఇంట్లో ఎవరికీ తెలీదు. అయినా ధైర్యంగానే ఇంటికొచ్చింది. ఎలాగూ చార్టు వేస్తున్నారు కదా, టైము అదే కుదురుతుందిలే అనుకుంది.

ఆదివారం చీటీలో ఆవిడ స్నానం ఏడుంపది. వేడినీళ్లు పోసుకుని వంటింటి గోడ ముందు నిలబడి వేళ్లు నడిపించింది. స్విచ్‌బోర్డు దాకా వెళ్లాయి. గీత పెట్టింది. సోమవారం పదీ యాభై. మంగళవారం తెల్లవారుజామున నాలుగూ ఇరవై. చీటీ తప్పు చదివానేమో అని కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. బుధవారం మధ్యాహ్నం పన్నెండున్నర. అప్పటికి పొయ్యి మీద కూర ఉడుకుతోంది. మంట తగ్గించి స్నానం చేసి, గోడ ముందు నిలబడి, మాడు వాసన వచ్చి మధ్యలో పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. నాలుగో గీత మొదటి గీతకి బెత్తెడు కింద పడింది.

మిగతా నలుగురికీ మాత్రం చార్టు తెగ నచ్చింది. మామగారు తువ్వాలు మడిచి బీరువాలో పెట్టేశారు. "రైల్వేలో ఇన్నేళ్లు చేశాను. ఇంత నికార్సయిన టైమ్‌టేబుల్ చూడలేదు," అన్నారు మనవరాలితో. మరిది డ్యూటీ రోజుకో రకంగా మారేది. అయినా అతని వంతు చక్కగా ముందుకో వెనక్కో పది నిమిషాలు సర్దుకునేది. ఆ సర్దుబాటు దెబ్బకి ఇల్లాలి వంతు మాత్రం గంటలు గంటలు ఎగిరిపడేది.

"నాలుగూ ఇరవై ఏమిటే నాకు?" అని మంగళవారమే అడిగింది ఆవిడ.

"మొత్తం చూడమ్మా," అని కూతురు చీటీ అడుగున వేలు పెట్టింది. "నూట పన్నెండు. అందరి చిరాకూ కలిపినా అంతే. ఇంతకన్నా తగ్గించడం ఎవరి తరమూ కాదు."

అంత తక్కువ చిరాకు ఉన్న ఇంట్లో తనకింత చిరాకుగా ఎందుకుందో ఇల్లాలికి అర్థం కాలేదు. పైకి అడిగితే తనే తిక్కమనిషిలా కనిపిస్తుంది.

*

బుధవారం సాయంత్రం కూతురు వంటింటి గట్టెక్కి కూర్చుంది, చేతిలో కాగితాల దొంతరతో. సోమవారం యూనివర్సిటీలో సెమినారు. ఇది మూడో రిహార్సలు. మొదటి రెండూ మామగారికి, మరిదికి చెప్పింది. మామగారు నిద్రపోయారు. మరిది ఉచ్చారణ దిద్దాడు.

"మా గైడు ఏమన్నారో తెలుసా? మీ అమ్మగారికి చెప్పి చూడు, ఆవిడకి అర్థమైతే అందరికీ అర్థమైనట్టే అన్నారు."

"మీ గైడుగారికి నాకూ డిగ్రీ ఉందని తెలీదేమో," అంది ఇల్లాలు గిన్నె తోముతూ. "చెప్పు."

"ఏదైనా ఒకటి అన్నిటికన్నా తక్కువలో కావాలి అనుకో. అలా అడిగే ప్రశ్న సరిగ్గా నిలబడాలంటే మూడుండాలి. ఒకటి, జవాబంటూ ఉండాలి. రెండు, ఒక్కటే ఉండాలి. మూడు, ప్రశ్నలో కాస్త తేడా వస్తే జవాబు కూడా కాస్తే కదలాలి. గోరంత తేడాకి జవాబు ఊరు దాటిపోయిందంటే ప్రశ్నలోనే ఏదో లోపం ఉన్నట్టు."

"జవాబులో కాదూ?"

"జవాబేం చేస్తుంది పాపం? ఇంకా పెద్ద తిరకాసు ఒకటుంది. నష్టం తగ్గుతూ తగ్గుతూ కనిష్ఠం దాకా వచ్చేస్తుంది. బాగా దగ్గరికొచ్చేశాం అనుకుంటాం. జవాబు మాత్రం ఒకసారి ఈ మూల, ఒకసారి ఆ మూల. అంకె ఇంటికి చేరుతుంది, మనిషి చేరడు."

ఇల్లాలి చేతిలో గిన్నె ఆగింది.

"ఉదాహరణ ఏమిచ్చావ్?"

కూతురు మొహం వాడిపోయింది. "అదే గొడవ. రెండు సమీకరణాలిచ్చాను. ఎండుకట్టెల్లా ఉన్నాయన్నారు గైడు. ప్రాణమున్న ఉదాహరణ తెమ్మన్నారు. ఎక్కణ్ణుంచి తేవాలి?"

ఆ అమ్మాయి వెళ్లాక ఇల్లాలు చేతులు తుడుచుకుని పిండిడబ్బా మూత తీసింది. మూత లోపలివైపు నాలుగు చీటీలూ దాచి ఉన్నాయి. పారేయడం ఆవిడ స్వభావంలో లేదు. పాల ప్యాకెట్టు కత్తిరించిన మూలలు కూడా ఒకచోట పెడుతుంది. చీటీలు గట్టు మీద వరసగా పేర్చి, ఎగరకుండా ఒక్కోదాని మీద ఒక్కో చెంచా పెట్టింది. అడుగున ఉన్న అంకెలు చదివింది. నూట పన్నెండు, నూట పద్నాలుగు, నూట పన్నెండు, నూట పదమూడు. తర్వాత తన వరస చదివింది. ఏడుంపది, పదీ యాభై, నాలుగూ ఇరవై, పన్నెండున్నర.

అంకె రోజూ ఇంటికి చేరుతోంది. తనే దిక్కులు పట్టి పోతోంది.

హాల్లో భర్త భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, ఎవరి దుకాణంలోనో పట్టుకొచ్చిన త్రాసుని విప్పి చూస్తున్నారు. ఇల్లాలు టీ కప్పు పక్కన పెట్టి నిలబడింది. మామూలుగా అయితే పెట్టి వెళ్లిపోయేదే.

"దానికేమైంది?"

భర్త ఆశ్చర్యంగా తలెత్తారు. ఇన్నేళ్లలో త్రాసుల గురించి ఆయన్ని ఇంట్లో అడిగినవాళ్లు లేరు.

"పళ్లాలు రెండూ ఖాళీయే కదా. ముల్లు నిటారుగా నిలబడాలి. ఇదిగో చూడు, ఎక్కడికి తోస్తే అక్కడే ఆగిపోతోంది." వేలితో కడ్డీని మెల్లగా తట్టారు. ముల్లు పక్కకి ఒరిగి అక్కడే ఉండిపోయింది. మళ్లీ తట్టారు. ఇంకో పక్కకి పోయి అక్కడ కూర్చుంది. "షాపువాడు మోసమేం చెయ్యలేదు పాపం. నడిమధ్యన కింద ఓ చిన్న బిళ్ల ఉంటుంది. అది ఊడిపోయింది. ఆ బిళ్ల ఉంటేనే ముల్లుకి తన చోటేదో తెలుస్తుంది."

"ఎంత బరువుండాలి ఆ బిళ్ల?"

"ఎంతైనా ఫర్వాలేదు. తేలికదే చాలు. అస్సలు లేకుండా మాత్రం ఉండకూడదు." ఆయన టీ అందుకుని ఒక గుక్క తాగారు. "ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే," అంది ఇల్లాలు.

ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. దారానికి వేలాడుతున్న పెన్సిలు అందుకుంది. అయిదో వరసలో సున్నా చాలా నీటుగా ఉంది. పక్కన ఏ టైము కావాలో రాయాల్సిన గడి ఖాళీ. కూతురిని తప్పు పట్టడానికేం లేదు. అది అడిగింది, తను చెప్పింది. ఎప్పుడైనా ఫర్వాలేదన్న మనిషిని ఎప్పుడైనా నిలబెట్టొచ్చు. నాలుగూ ఇరవైకి నిలబెట్టినా, పన్నెండున్నరకి నిలబెట్టినా ఆ రోజు మొత్తం ఏమీ మారదు. కంప్యూటరుకి ఆ రెండింటికీ తేడా తెలియాల్సిన అవసరమేముంది?

ఖాళీ గడిలో ఏడూ నలభై అని రాసింది. అప్పటికి మామగారు, మరిది, కూతురు స్నానాలు ముగిస్తారు. భర్త ఎనిమిది దాటాక గానీ కదలరు. సున్నాని రబ్బరుతో తుడిచింది. ఎంత వెయ్యాలా అని కాసేపు ఆలోచించింది. అయిదు వెయ్యడానికి మనసొప్పలేదు, మూడుకీ మొహమాటం అడ్డొచ్చింది. చివరికి ఒకటి వేసింది. కూతురు వచ్చి ఫోనులో మాట్లాడుతూ, కాగితం వైపు ఒక కన్ను వేసి, అంకెలన్నీ టకటకా కొట్టేసి వెళ్లిపోయింది.

*

గురువారం చీటీలో ఇల్లాలి వంతు ఏడూ నలభై.

శుక్రవారం మరిది డ్యూటీ ఇరవై నిమిషాలు వెనక్కి జరిగింది. ఇల్లాలు చీటీ చూడటానికి భయపడుతూ పాలు పొయ్యి మీద పెట్టి వెళ్లింది. ఏడూ నలభై అయిదు. శనివారం మళ్లీ ఏడూ నలభై. మూడు రోజులూ వేడినీళ్లు భుజం మీద ధారగా పోసుకుని, తడి జుట్టుతోనే గోడ ముందు నిలబడింది. వేళ్లు సాలెపురుగులా పాక్కుంటూ స్విచ్‌బోర్డు దాటాయి. నొప్పికి కళ్లు మూసుకుని ఇంకొక్క అడుగు, ఇంకొక్క అడుగు అనుకుంటూ వేళ్లని బతిమాలింది. శనివారం గీత స్విచ్‌బోర్డుకి జానెడు పైన పడింది. ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ చెయ్యి ఎత్తించి కొలిచి చూసి, ఇంజెక్షను మాట ఎత్తలేదు. "టైము దొరికిందన్నమాట," అంది. "ఇంకో రెండు వారాలు తప్పించకండి. ఇప్పుడు ఆపితే మళ్లీ మొదటికే."

ఆ సాయంత్రం కూతురు ఫ్రిజ్ ముందు చాలాసేపు నిలబడిపోయింది.

"అమ్మా, ఇలా రా. బాబాయ్‌ది నిన్న ఇరవై నిమిషాలు జరిగితే నీది అయిదే జరిగింది. మొన్నటిదాకా పది నిమిషాలకే నువ్వు మధ్యాహ్నంలోకి వెళ్లిపోయేదానివి. ఎవరైనా ఏమైనా మార్చారా?"

"నేనే. సున్నా తీసి ఒకటి వేశాను."

"ఒకటేనా?" కూతురు గబగబా మిగతా వరసలు వేలితో చూసుకుంటూ పోయింది. "తాతయ్యది అదే టైము. నాన్నదీ అదే. నాదీ అదే. ఎవరికీ ఒక్క నిమిషం కూడా పోలేదు. ఇవాళ మొత్తం నూట పన్నెండే ఉంది." అని ఆగింది. తుడిచిన సున్నా మచ్చ కాగితం మీద ఇంకా కనిపిస్తోంది. దాని మీద వేలు పెట్టింది. "ఇది వేసింది నేను కదా. మూడేళ్ల నుంచి చదువుతున్నది దీని గురించే. ఇంట్లో నా చేత్తో నేనే వేశాను."

"చెప్పింది నేనేగా."

"నువ్వు చెప్తే మాత్రం?"

కూతురు కళ్లు తుడుచుకుందో, జుట్టు వెనక్కి తోసుకుందో వెనకనుంచి ఇల్లాలికి తెలియలేదు.

"సోమవారం ఇదే చెప్తానమ్మా. ఇదే నా ఉదాహరణ."

"ఇంటి గుట్టంతా యూనివర్సిటీలో పెడతావా?"

"పేర్లు చెప్పనులే. అయిదో మనిషి అంటాను."

రాత్రి భోజనానికి అయిదుగురూ బల్ల చుట్టూ చేరారు. సగం తిన్నాక మామగారు గొంతు సవరించారు. రైలు కదలబోయే ముందు జెండా ఊపినట్టుంటుంది ఆ సవరింపు.

"చార్టులో ఏదో తేడా కొట్టింది. మూడు రోజుల నుంచి చూస్తున్నాను. ఏడూ నలభైకి నా కళ్లజోడు కనబడదు. కోడల్ని పిలిస్తే పలకదు. తలుపు కొడితే నీళ్ల చప్పుడు."

"కళ్లజోడు మీ నెత్తి మీదే ఉంది కదా నాన్నా," అన్నాడు మరిది. "కానీ నాది కూడా అదే కంప్లయింటు వదినా. ఇవాళ ఆఫ్ డ్యూటీ, తీరిగ్గా లేచి కాఫీ అడిగితే ఇంట్లో ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోవడమేంటి బాబాయ్? నేనున్నాను, నాన్న ఉన్నారు."

"నేనున్నాను," ఒప్పుకున్నారు భర్త. "పాలు పొంగుతుంటే చూస్తూనే ఉన్నాను."

"చూస్తూ?"

"మొత్తం పొంగేదాకా."

కూతురు అన్నం కెలకడం ఆపేసింది. "అమ్మ తన సున్నా తీసి ఒకటి వేసింది, అంతే. దానివల్ల మీ స్నానం టైములు ఒక్క నిమిషం కూడా మారలేదు. కాగితం తెస్తాను, చూస్తారా? ఎవరికీ ఏ నష్టమూ లేదు."

"లెక్కలో లేకపోవచ్చమ్మా," అన్నారు మామగారు శాంతంగా. ఆయన కోపంలో లేరు. నిజంగా మంచి సలహా ఇస్తున్నాననే అనుకుంటున్నారు. "చూడు, లైను మీద ఎక్స్‌ప్రెస్సుకో టైము, పాసింజరుకో టైము. గూడ్సుబండికి టైమ్‌టేబుల్ ఉండదు. లైను ఖాళీ అయినప్పుడు కదులుతుంది. దానికేం తొందర? ఎవరెక్కాలి, ఎవరు దిగాలి? మీ అమ్మ కూడా మొదట అదే చెప్పింది, ఎప్పుడైనా ఫర్వాలేదని. పాపం, ఆవిడకి లేనిపోని హడావిడి పెట్టకు. ఆ అంకె తీసేసి, ముందున్నట్టే సున్నా వేసెయ్యి."

అందరూ ఇల్లాలి వైపు చూశారు. ఆవిడ కూరగిన్నె తేవడానికి లేచి, తెచ్చి, బల్ల మధ్యలో పెట్టి, నింపాదిగా కూర్చుంది.

"మీరన్నది నిజమే మామగారూ. ఎప్పుడైనా ఫర్వాలేదన్నాను. తప్పు నాదే. మొహమాటానికి అన్న మాట లెక్కలోకి ఎక్కుతుందనుకోలేదు." గ్లాసుల్లో నీళ్లు సర్దింది. "అయినా గూడ్సు రాకపోతే స్టేషన్లో దీపాలకి నూనె కూడా ఉండదేమో కదండీ."

మామగారు ఆలోచనలో పడ్డారు. ఆయన సర్వీసులో అలాంటి రోజొకటి తప్పకుండా ఉండి ఉంటుంది.

"త్రాసు బాగైందా?" అని భర్తని అడిగింది ఇల్లాలు.

"ఆఁ. ఓ బిళ్ల వేశాను. ఇప్పుడెటు తోసినా..." ఆయన మాట అక్కడే ఆగింది. భార్య మొహం చూశారు. తర్వాత ఫ్రిజ్ మీద కాగితం వైపు చూశారు. బుధవారం టీ ఇచ్చి ఊరికే అడిగిన ప్రశ్న ఆయనకి ఇప్పుడందింది. "ఎటు తోసినా ముల్లు తన చోటికొచ్చి నిలబడుతోంది," అని మెల్లగా పూర్తి చేశారు.

"అయితే రేపు పొద్దున మీకో పని. స్నానాలగది తలుపుకి ఇంకో మేకు కొట్టండి."

"మేకెందుకు వదినా, చార్టుంది కదా?" అన్నాడు మరిది.

"చార్టు అమ్మాయిది. పెళ్లయి వెళ్లినా, చదువయి వెళ్లినా దాంతోపాటు పోతుంది. మేకు తలుపుకి ఉంటుంది." భర్త వైపు తిరిగింది. "పాత మేకంత ఎత్తులో వద్దు, నాకందదు. వంటింటి గోడ మీద నా పెన్సిలు గీతలున్నాయి. వాటిలో అన్నిటికన్నా పై గీత ఎంత ఎత్తులో ఉందో కొలిచి, సరిగ్గా అంత ఎత్తులో కొట్టండి. రేపట్నుంచి ఏడూ నలభైకి దానికి నా తువ్వాలుంటుంది. ఎనిమిది దాకా కళ్లజోళ్లు, కాఫీలు, పాలు ఎవరివి వాళ్లు చూసుకోండి. గీత పైకెళ్లినప్పుడల్లా మేకు కూడా పైకి మారుద్దాం."

"అలా మార్చుకుంటూ పోతే తలుపంతా తూట్లు పడిపోతుంది కదమ్మాయ్," అన్నారు మామగారు.

"పడనివ్వండి మామగారూ," అంది ఇల్లాలు. కుడిచెయ్యి చాపి, మోచెయ్యి వణుకుతున్నా దించకుండా, బల్ల మీదుగా కూరగిన్నె ఎత్తి ఆయనకి అందించింది. "వేసుకోండి, చల్లారిపోతుంది."